ఎత్తి పెట్టేసింది ఎవరు?

పోయిన వారం ఇద్దరు ఆడవాళ్ళను ఆస్పత్రి వార్డు గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. లోపల మంచం మీద పెద్దాయన ఉన్నాడు. గుమ్మానికి అడ్డంగా ఆయన కూతురు, లెక్కల టీచరు నిలబడింది. బయట నిలబడి, ఒక్కసారి చూసిపోతానని బతిమాలుతున్నది నాలుగేళ్ళుగా ఆయన్ని పసిబిడ్డలా సాకిన ఆయా.

తగువంతా ఒక ఫోను గురించి. ఆ సాయంత్రం బడిలో టీచరుకు ఆలస్యమైంది. ఆయా తన వేళకు ఇంటికి వెళ్ళిపోయింది. ఒంటరిగా ఉన్న పెద్దాయన మంచం మీంచి జారి నేల మీద పడ్డాడు. పక్షవాతంతో మాట పోయిన మనిషి, కేక వెయ్యలేడు. ఆయన దగ్గర ఒక బొత్తాల ఫోను ఉంటుంది. ఒకే ఒక్క బొత్తాం నొక్కితే అది ఆయాకు వెళ్తుంది. నొక్కాడు. అవతల ఎవరో ఎత్తారు, కాసేపు విన్నారు, పెట్టేశారు; ఆ లెక్క ఆయన ఫోనులోనే పడి ఉంది. కూతురు వచ్చి తలుపు తీసేదాకా ఆయన అలా నేల మీదే ఉన్నాడు.

"నా ఫోను మోగనే లేదమ్మా. దానికి ఏదో రోగం వచ్చింది" అని ఆయా మొత్తుకుంది.

"మోగకపోతే ఎత్తిందెవరు? నీ నంబరుకి చేస్తే దయ్యం ఎత్తిందా?" అంది టీచరు. నాలుగేళ్ళుగా 'మీరు' తప్ప ఇంకో మాట అనని టీచరు ఆ పూటే 'నువ్వు'లోకి దిగింది. ఆఖరికి ఒక మాట తేల్చి చెప్పింది. "ఫోనులో లోపం ఉందని ఆ కంపెనీవాళ్ళ నోటితో చెప్పించు. నాన్నను చూడనిస్తాను. లేదంటే నిన్ను పంపిన సంస్థవాళ్ళకు చెప్తాను. ఇంకో ఇంటి గడప తొక్కలేవు."

ఇదిగో, ఇప్పుడు ఆ ఇద్దరూ సర్వీసు సెంటరులో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. మధ్య కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద టీచరు తన సంచి పెట్టుకుంది, ఆయా దగ్గరికి జరగకుండా.

గది నిండా జనమే. గోడ మీద ఎర్ర అంకెలు మారినప్పుడల్లా ఒకరు లేస్తున్నారు, నలుగురు నిట్టూరుస్తున్నారు. గాజు గోడ వెనక, దీపాల కింద తలలు వంచుకుని మెకానిక్కులు చీమ తలకాయంత మరలు విప్పుతున్నారు. ప్రతివాళ్ళకూ చేతిలో ఒక చచ్చిపోయిన ఫోను, ముఖంలో ఇంట్లో మనిషికి బాగాలేనంత దిగులు.

ఆయా తన ఫోనును గుడ్డతో తుడిచింది. మళ్ళీ తుడిచింది. చెల్లెలు దగ్గరుండి కొనిపించిన ఫోను అది. "ఇంకా ఆ పాత డబ్బా ఏంటక్కా, నీకు పని ఇచ్చేవాళ్ళు నవ్వుతారు" అని వెంటపడి తీసుకెళ్ళింది. నొక్కడం, తొయ్యడం, అన్నీ అదే నేర్పింది. మొన్న ఆయాకు కంటి ఆపరేషను అయినప్పుడు, కట్టు విప్పేదాకా ఫోను చెల్లెలి చేతిలోనే ఉంది. "నీకొచ్చే ఫోన్లన్నీ నేను చూసుకుంటాగా. నువ్వు హాయిగా కళ్ళు మూసుకో" అంది. అదీ ఆయా పనే చేస్తుంది. చేస్తున్న ఇల్లు పోయి ఖాళీగా ఉన్నా, అక్క కళ్ళలో మందు వెయ్యడానికి పూటపూటా వచ్చింది. ఈ గొడవ వినగానే మొదట ధైర్యం చెప్పింది కూడా అదే. "వారంటీ ఉందిగా అక్కా. మార్చి ఇచ్చేదాకా వదలకు" అంది.

టీచరు ఉన్నట్టుండి తన ఫోను తీసి ఏదో నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. ఆయా ఒళ్ళో ఫోను గొల్లుమంది. పక్క వరసలో నిద్రపోతున్నాయన ఉలిక్కిపడి తన జేబు తడుముకున్నాడు.

"మోగిందే!" అంది టీచరు.

ఆయా ఫోనును తిప్పి చూసింది.

"నేను చేస్తే మోగుతుంది. నాన్న చేస్తే మోగదు. నీ ఫోనుకి మనుషుల ముఖాలు కూడా తెలుస్తాయా?"

"ఎప్పుడూ మోగదని కాదమ్మా. ఒక్కోసారి మోగుతుంది, ఒక్కోసారి..."

"ఒక్కోసారి అబద్ధం, ఒక్కోసారి నిజం" అని టీచరు ముఖం తిప్పుకుంది.

ఆయా ఉండబట్టలేక మెల్లగా అడిగింది. "ఉంగరం కొడుతున్నారా అమ్మా?"

ఆ మాటకు టీచరు ముఖం ఒక్క క్షణం మెత్తబడింది. మాట పోయాక పెద్దాయన తనకంటూ ఒక భాష కల్పించుకున్నాడు. వేలికున్న ఇనప ఉంగరంతో మంచం పట్టీ మీద కొట్టేవాడు. ఒకసారి కొడితే దాహం. రెండుసార్లు కొడితే పక్కకు తిప్పమని. ఆగకుండా గబగబా కొడితే మాత్రం ఏ పనిలో ఉన్నా పరుగెత్తాలి. ఊపిరి ఆడటం లేదని అర్థం. ఆ భాష ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ ఇప్పుడు మధ్యలో సంచి పెట్టుకుని కూర్చున్నారు.

"లేదు. పడినప్పటి నుంచీ చెయ్యే లేపడం లేదు" అంది టీచరు.

"కొత్తగా వచ్చినావిడకు ఆ సంగతి చెప్పారా? కొడితే ఏమిటో..."

"కొట్టనప్పుడు చెప్పేదేముంది? సంస్థవాళ్ళే పంపారు. నోట్లో నాలుక లేని మనిషి. పిలవగానే పలుకుతుంది, ఫోను చేస్తే ఒక్క మోతకే ఎత్తుతుంది." చివరి మాట కావాలనే ఒత్తి పలికింది టీచరు.

ఆయా తన టోకెను చూసుకుంది. అంతలో అంకె మారింది.

కౌంటరులో అమ్మాయి తలెత్తి చూసి నవ్వాలో ఏడవాలో తెలియనట్టు ముఖం పెట్టింది. "మళ్ళీ వచ్చారా ఆంటీ?"

"నేనేమన్నా ముచ్చటపడి వచ్చానా తల్లీ? నీ ఫోనే లాక్కొచ్చింది."

"పోయిన రెండుసార్లూ మా దగ్గర బాగానే మోగింది కదా."

"మీ దగ్గర మోగుతుంది. డాక్టరు గుమ్మం ఎక్కగానే పంటి నొప్పి పోయినట్టు. ఇంటికి తీసుకెళ్తే నోరు కుట్టేసుకుంటుంది."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. టీచరు నవ్వలేదు. వచ్చి ఆయా పక్కన నిలబడి, పరీక్ష హాల్లో నిలబడ్డట్టు చేతులు కట్టుకుంది.

"సిమ్ తీసి మీ దగ్గరే పెట్టుకోండి ఆంటీ. పోతే మా మీదికి వస్తుంది. మా సిమ్ వేసి చూస్తాం" అంది అమ్మాయి. పోయిన రెండుసార్లూ ఇదే మాట, ఇదే పని. ఆయా గోరంత సిమ్ముని చేతిరుమాలు మూలన ముడివేసి గుప్పిట్లో పట్టుకుంది. అమ్మాయి వాళ్ళ సిమ్ వేసి కౌంటరు మీది ఫోను నుంచి చేసింది.

ఠంగున మోగింది. సగం గది తిరిగి చూసింది.

"చూశావా?" అంది టీచరు. గట్టిగా కూడా అనలేదు. ఆ మెల్లగా అనడమే ఆయాకు చెంపదెబ్బలా తగిలింది.

"తల్లీ, ఒక్క మాట" అని ఆయా కౌంటరు గాజు మీదికి వంగింది. "నాకు కొత్త ఫోను మోజు లేదు. ఇది పారేసి మళ్ళీ ఆ పాత డబ్బా పట్టుకు తిరుగుతాను. ఇందులో లోపం ఉందని ఒక్క ముక్క చెప్పు చాలు. అవతల మంచం మీద ఒక మనిషి ఉన్నాడు. ఆయన్ని చూడనివ్వడం లేదు నన్ను."

అమ్మాయి ఇబ్బందిగా వెనక్కి చూసింది. గాజు గది తలుపు తోసుకుని మేనేజరు వచ్చాడు. ఆకలి మీదున్నట్టున్నాడు. ఫోను అందుకుని అటూ ఇటూ తిప్పి, ఒక మూల మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ నొక్కు ఉంది. కింద పడేశారు. పడేసిన ఫోనుకి వారంటీ లేదు. తర్వాతి టోకెనుని పిలువు."

"నేను పడెయ్యలేదు బాబూ!"

"అందరూ అదే అంటారమ్మా. ఫోన్లు వాటంతటవే దూకుతాయి."

"ఎందుకు ఇంకా? పద" అని టీచరు సంచి భుజానికి తగిలించుకుంది. "నాకు కావలసింది తెలిసిపోయింది. ఇటునుంచి ఇటే సంస్థ ఆఫీసుకు వెళ్తాను."

ఆయా ఒక అడుగు ముందుకేసింది. టీచరు చెయ్యి పట్టుకోబోయి, పట్టుకునే చనువు పోయిందని గుర్తొచ్చి, గాల్లోనే ఆగిపోయింది.

అప్పుడు కౌంటరు అమ్మాయి గొంతు సవరించుకుంది. "సార్, పోయినసారి తీసుకునేటప్పుడు నేను ఫోటో తీశాను. మూల బాగానే ఉంది. తిరిగి ఇచ్చేటప్పుడే నొక్కు ఉంది. అంటే... మన దగ్గరే పడింది సార్."

మేనేజరు ఆ పిల్లను కొరికేసేలా చూశాడు. గదిలో కూర్చున్నవాళ్ళంతా చెవులు రిక్కించారు. ఎవరి చేతిలో ఫోను వాళ్ళు ఒకసారి తిప్పి మూలలు చూసుకున్నారు. అది మేనేజరు కంటపడింది. ఇక లాభం లేదని గొంతు తగ్గించాడు.

"ఒకే కంప్లయింటు మీద మూడోసారి వస్తే ఎలాగూ మార్చాల్సిందే. కొత్త ఫోను డబ్బా తీసి ఇచ్చెయ్యి."

టీచరు అక్కడే ఆగింది. "ఉండండి. ఫోనులో లోపం ఉందా, లేదా? అది చెప్పండి నాకు."

మేనేజరు గడియారం వంక చూసుకున్నాడు. "లోపం ఉండబట్టే కదండీ కొత్తది ఇస్తున్నాం. లేకపోతే మాకేమైనా పిచ్చా?" అనేసి లోపలికి వెళ్ళిపోయాడు. వరస తగ్గాలి, తన ఆకలి తీరాలి, ఆ మాటకు ఆయన లెక్క అంతే. కానీ ఆ ఒక్క మాటతో ఆయాకు గుడ్డివాడికి చూపు వచ్చినట్టయింది. చేతిలో రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కౌంటరు ముందే ఏడ్చేసింది.

టీచరు సంచి జిప్పు తీసింది, మూసింది. కోపం మీద కట్టుకున్న మేడ ఒక్కసారిగా దిగబడితే మనిషికి ఎటు చూడాలో తెలియదు. చివరికి సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఆయాకు అందించింది.

"తాగండి" అంది.

'తాగండి'. ఆయా ఆ మాట విని ఇంకా ఏడ్చింది.

"వారం రోజులుగా నాకు నిద్ర లేదు. ఎవరినో ఒకరిని తిట్టకపోతే నన్ను నేను తిట్టుకోవాలి. ఆ సాయంత్రం ఆలస్యంగా వచ్చింది నేను కదా" అంది టీచరు, కౌంటరు మీది గీతను గోటితో గీకుతూ. "ఆటో మాట్లాడుకుని వెళ్దాం. నాన్న మిమ్మల్ని చూస్తే చెయ్యి లేపుతారేమో."

కథ ఇక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది!

"ఒక్క నిమిషం ఆంటీ" అని కౌంటరు అమ్మాయి కొత్త ఫోను డబ్బాలోంచి తీసింది. నల్లగా, నిగనిగలాడుతూ, ఎవరి వేలిముద్రా పడనిది. "మీ సిమ్ వేసి ఒకసారి చూసుకుని వెళ్ళండి. రేపు మళ్ళీ మా మీద పడకుండా."

ఆయా రుమాలు ముడి విప్పింది. సిమ్ లోపలికి వెళ్ళింది. అమ్మాయి కౌంటరు మీది ఫోను అందుకుని, ఆయా నంబరు నొక్కి, అందరికీ వినపడేలా పెట్టింది.

ట్రింగ్... ట్రింగ్... అవతల మోగుతున్న చప్పుడు కౌంటరు మీది ఫోనులో స్పష్టంగా వినిపిస్తోంది. గాజు మీద కొత్త ఫోను మాత్రం రాయిలా పడి ఉంది. వెలగలేదు, వణకలేదు.

ముగ్గురూ దాని వంకే చూస్తున్నారు. ఇంకో రెండు మోతలు. తర్వాత ఎవరో కట్ చేసిన చప్పుడు.

"ఎవరు కట్ చేశారు?" అంది టీచరు.

ఎవరూ ముట్టుకోలేదు. ఫోను చుట్టూ ఉన్నవి ఆరు చేతులు. ఆరూ గాల్లోనే ఉన్నాయి.

"కొత్త ఫోనుకి కూడా అదే రోగమా?" టీచరు గొంతు మళ్ళీ గట్టిపడుతోంది. "డబ్బాలోంచి తీసి నిమిషం కాలేదు. అంటే రోగం ఫోనుది కాదు. నీది!"

మళ్ళీ 'నువ్వు'. ముల్లు పోయి కత్తి వచ్చింది. ఆయాకు దాహం వేసింది కానీ చేతిలో సీసా ఉందన్న సంగతే మరిచిపోయింది.

అమ్మాయి కనుబొమలు ముడివేసి కొత్త ఫోను దగ్గరికి లాక్కుంది. "ఉండండి మేడమ్. ఇందాక మీరు ఆంటీకి చేసింది మామూలు కాలా, నెట్ మీద చేసే కాలా?"

"నెట్ మీదే. నేనెప్పుడూ అలాగే చేస్తాను."

"మీ నాన్నగారిది?"

"బొత్తాల ఫోను. దానికి నెట్ ఎక్కడిది?"

"అందుకే మీది మోగింది, ఆయనది మోగలేదు" అంది అమ్మాయి. అని నాలుక కరుచుకుంది. "మేం ప్రతిసారీ మా సిమ్ వేసి చూశాం. ఆంటీ సిమ్ వేసి ఒక్కసారీ చూడలేదు. తప్పు మాదే." స్టారు, హ్యాషు, మధ్యలో రెండు అంకెలు నొక్కింది. తెర మీద ఏవో అక్షరాలు వచ్చాయి. "ఆంటీ, మీకొచ్చే కాల్సన్నీ ఇంకో నంబరుకి మళ్ళించి ఉన్నాయి. ఎవరైనా మీకు మామూలు కాల్ చేస్తే అక్కడ మోగుతుంది, నెట్ కాల్ మాత్రం మీకే వస్తుంది. ఇది ఫోనులో ఉండదు, మీ నంబరుకే ఉంటుంది. అందుకే ఎన్ని ఫోన్లు మార్చినా ఇంతే."

"మళ్ళించడమేమిటి? నేనేం మళ్ళించలేదు."

"ఎవరో ఒకరు మీ ఫోను చేతిలోకి తీసుకుని చెయ్యాలి. ఇదిగో, ఈ నంబరుకి. ఎవరిది ఆంటీ?"

అమ్మాయి ఫోను తిప్పి చూపించింది. ఆయాకు తెర మీద అక్షరాలు తెలియలేదు కానీ ఆ అంకెలు తెలుసు. పొద్దున లేవగానే నొక్కే అంకెలు. పడుకోబోయే ముందు నొక్కే అంకెలు. చివర రెండు తొమ్మిదులు. "జంట తొమ్మిదులు అక్కా, నువ్వూ నేనూ లాగా" అని నవ్విన నవ్వు కూడా గుర్తొచ్చింది.

నీకొచ్చే ఫోన్లన్నీ నేను చూసుకుంటాగా. నువ్వు హాయిగా కళ్ళు మూసుకో.

"ఎవరిది?" అని టీచరు రెట్టించింది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నిజం చెప్తే తను బయటపడుతుంది. వార్డులోకి వెళ్తుంది, పెద్దాయన చెయ్యి పట్టుకుంటుంది. కానీ అమ్మ పోయినప్పుడు ఆరేళ్ళ పిల్లగా తన నడుము పట్టుకుని వేలాడినది, తను ఎత్తుకుని పెంచినది, దాన్ని ఈ టీచరు చేతికి అప్పగించాలి. అదెందుకు చేసిందో, ఆ సాయంత్రం ఏం విందో దాన్ని అడగకుండానే అప్పగించాలి.

"తెలియదమ్మా" అంది ఆయా.

ఆ మాట నోట్లోంచి వచ్చాక తనకే పరాయి గొంతులా వినిపించింది.

"తెలియదా? సరే, చెప్పమ్మాయ్ ఆ నంబరు. నేను అడుగుతాను ఎవరో" అని టీచరు తన ఫోను తీసింది. అమ్మాయి చదువుతుంటే ఒక్కో అంకే నొక్కింది. ఆయా గాజు అంచు పట్టుకుని నిలబడింది. చివరి తొమ్మిది నొక్కగానే టీచరు వేలు గాల్లో ఆగిపోయింది.

నంబరు పూర్తయ్యేసరికి ఆమె ఫోనే దాని పేరు చూపించింది. టీచరు ఎప్పుడో తన చేత్తో రాసి దాచుకున్న పేరు.

'కొత్త ఆయా, వార్డు.'

"ఇది..." అని టీచరు ఫోను ఇటు తిప్పింది. "ఇది మా నాన్న దగ్గర ఇప్పుడు కూర్చున్న మనిషిది."

అంటే అక్కడున్నది ఆయా చెల్లెలే. చెల్లెలు పని దొరికిందని చెప్పలేదు. నిన్న రాత్రి మాట్లాడినప్పుడు కూడా చెప్పలేదు. "ఎక్కడున్నావే?" అంటే "ఇంట్లోనే అక్కా, ఖాళీగా" అంది. తనని గెంటేసిన మంచం పక్క కుర్చీలోనే కూర్చుని!

టీచరు పచ్చ బొత్తాం నొక్కబోయింది. కౌంటరు అమ్మాయి చటుక్కున ఆపింది. "మీరు చేస్తే మీ నంబరు చూసి 'చెప్పండి మేడమ్' అని మామూలుగానే ఎత్తుతుంది. మా ఫోను నుంచి ఆంటీ నంబరుకి చేద్దాం. ఏమని ఎత్తుతుందో వినండి."

"వద్దు తల్లీ!" ఆయా గబుక్కున ఫోను మీద చెయ్యి వేసింది. "పోనివ్వండమ్మా. మంచి మనిషి అన్నారుగా మీరే. ఏదో పొరపాటు అయి ఉంటుంది. తప్పు నాదే అనుకోండి, నేను వెళ్ళిపోతాను."

టీచరు ఆమెను కొత్తగా చూసింది. "ఇంతసేపూ నిజం తేల్చమని ఏడ్చావు. తీరా తేలబోతుంటే వద్దంటావేం? చెయ్యి తియ్యి."

ఆయా తీయలేదు. టీచరే ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది. అమ్మాయి నంబరు నొక్కింది.

ఒక మోత. రెండో మోత. ఈసారి ఎత్తారు.

"హలో?" లోగొంతు. ఆయా కళ్ళు మూసుకుంది.

కౌంటరు అమ్మాయి తడబడుతూ అడిగింది. "హలో... ఆయాగారేనాండీ? పేషెంటును చూసుకోవడానికి మనిషి కావాలి."

"అవునండి, నేనే మాట్లాడుతున్నా. ఎవరికండీ బాగాలేదు? ఆడవాళ్ళా, మగవాళ్ళా?"

తడుముకోలేదు. ఎన్నోసార్లు పలికి నోటికి అలవాటైన మాటలా వచ్చింది. టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వినిపించింది.

మాటల వెనక, దూరంగా, సన్నగా. ఇనుము మీద ఇనుము. టక్.

టీచరు తలెత్తింది. ఆయా కళ్ళు తెరిచింది. టక్, టక్. ఇద్దరి చూపులూ కలిశాయి. చెయ్యి లేపాడు! వారం తర్వాత పెద్దాయన చెయ్యి లేపాడు. టీచరు పెదవుల మీద ఏడుపో నవ్వో తెలియనిది ఒకటి మొదలై, అక్కడే గడ్డకట్టింది.

టక్ టక్ టక్ టక్ టక్ టక్...

అది దాహం కాదు. పక్కకు తిప్పమనీ కాదు. ఆగడం లేదు.

"ఒక్క నిమిషం ఆగండి" అంది ఫోనులో గొంతు. "ఇక్కడ ఒకటే చప్పుడు. ఆరోజూ ఇంతే, ఫోను ఎత్తితే మాటా పలుకూ లేకుండా టకటక అని..." అంటూ తనే ఆగిపోయింది. తనకు తానే ఏదో తట్టినట్టు. మళ్ళీ తేరుకుని, ఫోను దూరంగా పెట్టి మంచం వైపు మాట్లాడింది. "ఊరుకో తాతా, పక్కవాళ్ళు తిడతారు. ఆ ఉంగరం ఇలా ఇచ్చెయ్యి. ఇవ్వమంటుంటే..."

టక్ టక్ టక్... టక్...

చప్పుడు ఆగిపోయింది.

"అమ్మడూ!" ఆయా కౌంటరు మీదికి సగం ఎక్కేసి ఆ ఫోనులోకి అరిచింది. "ఉంగరం తియ్యకే! లేపి కూర్చోబెట్టు! ఆయనకు ఊపిరి ఆడటం లేదే అమ్మడూ!"

అవతల ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత చాలా చిన్న గొంతు, ఆరేళ్ళ పిల్ల గొంతు.

"అక్కా?"

ఫోను కట్ అయింది.

టీచరు ఇటు తిరిగింది. ఆయా ముఖంలోకే చూస్తోంది. "తెలియదన్నావు" అంది. అంతే. అని తలుపు వైపు పరుగెత్తింది. పరుగెత్తుతూనే ఆస్పత్రి వార్డు నంబరు నొక్కి, వినపడేలా పెట్టి, రోడ్డు మీద పోయే ప్రతి ఆటోకూ చెయ్యి ఊపుతోంది. ఆయా ఆమె వెనకే పడింది. కొత్త ఫోను కౌంటరు మీదే ఉండిపోయింది. దాని ముఖం చూసినవాళ్ళు లేరు.

ఆటో ఆగింది. ఇద్దరూ ఎక్కారు. ఈసారి మధ్యలో సంచి లేదు, కానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. టీచరు చేతిలో వార్డు నంబరు మోగుతోంది.

మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.